వేరింటి అల్లుడు

కడపవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు, బయటివాళ్ళ కోసం చెబుతున్నాను. ఉగాది నాడు పొద్దున్నే దేవుని కడప గుడి ముందు వరుసలో నిలబడేవాళ్ళలో ముస్లిం కుటుంబాలు చాలా ఉంటాయి. ఆడవాళ్ళు బురఖాల్లో వస్తారు, మగవాళ్ళు టోపీలతో వస్తారు, పసిపిల్లల్ని చంకనేసుకుని వస్తారు. లక్ష్మీ వేంకటేశ్వరస్వామికి టెంకాయ కొట్టించి, తీర్థం పుచ్చుకుని పోతారు. ఏటా జరిగేదే. మర్నాడు పత్రికల్లో ఫొటో పడుతుంది. కింద మతసామరస్యం అని ఒక మాట ఉంటుంది. ఫొటోతో నాకు ఏ పేచీ లేదు. కింద రాసిన మాటతోనే పేచీ.

సామరస్యం అనగానే మన మనసుకు తోచేదేమిటి? తేడాలు మరిచిపోయారు, అందరూ ఒకటైపోయారు, అని. కానీ ఆ వరుసలో ఉన్నవాళ్ళు ఏ తేడానూ మరిచిపోయి రాలేదు. వాళ్ళు చెప్పే కారణం వినండి. బీబీ నాంచారి తమ ఇంటి ఆడబిడ్డ. ఆమెను స్వామి చేసుకున్నాడు. కాబట్టి స్వామి తమకు అల్లుడు. సంవత్సరాది పండగపూట అల్లుణ్ణి చూసి రావడం ఆనవాయితీ. అంతే. బీబీ నాంచారి సుల్తాను కూతురనీ, విగ్రహాన్ని ప్రేమించి వెతుక్కుంటూ వచ్చిందనీ చెప్పే కథ శ్రీరంగంలోనూ ఉంది, మేల్కోటలోనూ ఉంది. ఆ కథ చరిత్రకు నిలుస్తుందా లేదా అన్న తగువులోకి నేను పోను. కడప జనం ఆ కథలోంచి ఏ చుట్టరికాన్ని ఏరుకున్నారన్నదే నాకు కావాలి. స్వామిని వాళ్ళు అన్న అనలేదు, తండ్రి అనలేదు. అల్లుడు అన్నారు.

అల్లుడు కావాలంటే వేరే ఇల్లు ఉండాలి. ఒకే ఇంటివాళ్ళ మధ్య వియ్యం కుదరదు. ఇంటిపేరు ఒకటే, గోత్రం ఒకటే అని తెలిస్తే పెద్దలు అక్కడే ఆపేస్తారు. వీళ్ళు అన్నాచెల్లెళ్ళు అవుతారు, పెళ్ళి పనికిరాదు అంటారు. అంటే తేడా ఉంటేనే ఈ చుట్టరికం పుడుతుంది. తేడా చెరిపేస్తే చుట్టరికమూ పోతుంది. ఉగాది వరుసలో నిలబడిన ఆ కుటుంబం గుడిలోంచి బయటికి వచ్చాక తమ ఇంటికే పోతుంది, తమ నమాజే చేసుకుంటుంది. స్వామికీ అభ్యంతరం లేదు, వాళ్ళకీ లేదు.

ఏకత్వం, భేదం. తత్త్వశాస్త్రంలో ఈ జంట చాలా పాతది. జర్మనీలో హైడెగర్ అనే ఆయన 1957లో అచ్చంగా ఈ పేరుతోనే ఒక చిన్న పుస్తకం వేశాడు. రాజకీయాల్లోకి వచ్చేసరికి దీన్నే అస్తిత్వం అంటున్నాం. వీధిలోకి వచ్చేసరికి అదే కులం, మతం, ఊరు, యాస. ఇవాళ దీన్ని జర్మనీ నుంచి కాకుండా కర్నూలు, కడప నేల మీద నుంచి చూద్దామని కూర్చున్నాను.

దేవుని కడప ఒక్కచోటే ఇలా ఉంటే దాన్ని ముచ్చటగా చెప్పుకుని ఊరుకోవచ్చు. నల్లమల ఎక్కి చూడండి. శ్రీశైలంలో మల్లికార్జునుణ్ణి చెంచులు చెంచు మల్లయ్య అంటారు. తమ పిల్లను చేసుకున్నాడు కనుక ఆయన వాళ్ళకు అల్లుడు. అక్కడి నుంచి అడవి దిగి అహోబిలం రండి. అక్కడ దేవుడు శివుడు కాదు, నరసింహుడు. శైవం కాదు, గట్టి వైష్ణవం. అయినా కథ అదే. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన కోపం చల్లారక అడవిలో తిరుగుతున్న స్వామి చెంచులక్ష్మిని చూసి మనసు పడ్డాడు, ఆమెను చేసుకున్నాడు. శైవుడు, వైష్ణవుడు ఒకరి నీడ ఒకరు తొక్కని రోజుల్లో కూడా ఇద్దరి దేవుళ్ళూ ఒకే అత్తవారింటికి అల్లుళ్ళు. తోడల్లుళ్ళన్నమాట.

అహోబిలం పారువేట చూడనివాళ్ళు ఒకసారి చూడాలి. సంక్రాంతి మర్నాడు, కనుమనాడు మొదలవుతుంది. జ్వాలా నరసింహస్వామి, ప్రహ్లాద వరదస్వామి ఒకే పల్లకీలో ఊర్లకు బయలుదేరుతారు. బయలుదేరేటప్పుడు చెంచులు విల్లు ఎక్కుపెట్టి పల్లకీ వైపు బాణాలు వేస్తారు. పిల్లను అడగడానికి వచ్చినవాణ్ణి అత్తింటివాళ్ళు అంత తేలిగ్గా వదలరు కదా! ఆ తర్వాత దాదాపు నెలన్నర రోజులు పల్లకీ చుట్టుపక్కల ఊర్లన్నీ తిరుగుతుంది. స్వామి తన పెళ్ళికి తానే పిలుపులు పిలుస్తాడు. ఊరూరా పల్లకీ దింపడానికి తెలుపులని కట్టి ఉంటాయి. ఏ ఊరికి ఏ రోజు రావాలో, ఏ ఇంటివాళ్ళు ఎదురు రావాలో, ఎవరు ఏ పని చెయ్యాలో అంతా తరాలుగా లెక్క. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు వచ్చేసరికి పిలిచిన ఊర్లన్నీ కొండకు కదులుతాయి.

ఇందులో నన్ను ఆకట్టుకునేది భక్తి ఒక్కటే కాదు. దేవుడు గుడిలో కూర్చుని మీరంతా నావాళ్ళే, రండి అనలేదు. గడప దిగి, వేరేవాళ్ళ ఊరికి పోయి, వేరేవాళ్ళ ఇంటి ముందు ఆగి పిలిచాడు. తనవాళ్ళే అయితే అంత మర్యాద అక్కర్లేదు. వేరేవాళ్ళు కనుకనే కావాల్సివచ్చింది.

ఇప్పుడు కాస్త శాస్త్రం. భయపడకండి, ఎక్కువసేపు పట్టదు. పాత కర్నూలు జిల్లా ఒక్కదానిలోనే వేదాంతంలోని మూడు పెద్ద దారులకు మూడు చోట్లున్నాయి. శ్రీశైలంతో ఆదిశంకరుల పేరు ముడిపడి ఉంది. శివానందలహరి అక్కడే చెప్పారని ఐతిహ్యం. ఆయన చెప్పిన అద్వైతంలో, చివరికి ఉన్నది ఒక్కటే, తేడా మన చూపులోని పొరపాటు. అహోబిలం విశిష్టాద్వైతులది. అహోబిల మఠం మొదలైంది అక్కడే. వాళ్ళ లెక్కలో జీవులూ జగత్తూ దేవుడికి శరీరం. ఒకటే, కానీ ఒకటిలో తేడా ఉంది. తుంగభద్ర ఒడ్డున మంత్రాలయం మధ్వులది, అంటే ద్వైతులది. రాఘవేంద్రస్వామి 1671లో బృందావన ప్రవేశం చేసింది అక్కడే. మధ్వాచార్యులు తేడాను దాచలేదు, చిన్నది చెయ్యలేదు. అయిదు రకాలుగా లెక్కపెట్టి మరీ చెప్పారు. దేవుడికీ జీవుడికీ తేడా, దేవుడికీ జడానికీ తేడా, జీవుడికీ జీవుడికీ తేడా, జీవుడికీ జడానికీ తేడా, ఒక జడానికీ ఇంకో జడానికీ తేడా. మోక్షం వచ్చినా ఈ తేడాలు పోవు. నువ్వు నువ్వుగానే ఉంటావు.

కాలేజీల్లో ఈ మూడింటినీ చెప్పేటప్పుడు అద్వైతాన్ని పైమెట్టు మీద కూర్చోబెట్టి, ద్వైతాన్ని కింది మెట్టు మీద కూర్చోబెట్టే అలవాటుంది. అందరూ ఒకటే అన్నవాడు ఉదారుడు, వేరువేరు అన్నవాడు సంకుచితుడు అన్నట్టు. ఆ పంపకం నాకు నచ్చదు. భేదం నిజం అని అంత పట్టుదలగా చెప్పిన మఠం ఏ నేల మీద నిలబడిందో చూడండి. మంత్రాలయం ఉన్న మంచాల గ్రామాన్ని రాఘవేంద్రులకు ఇచ్చింది ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖాన్ అని అక్కడి స్థలచరిత్ర. నవాబు మొదట స్వామిని పరీక్షించడానికి పళ్ళెంలో మాంసం కప్పి పంపాడనీ, గుడ్డ తీసేసరికి పూలయ్యాయనీ కూడా చెబుతారు. మహిమ సంగతి భక్తులకు వదిలేద్దాం. ఇచ్చినవాడు ముస్లిమే, పుచ్చుకున్నవాడు మధ్వ యతే. ఇచ్చాక ఇద్దరూ ఎవరి దారిలో వాళ్ళు ఉన్నారు. తేడా ఒప్పుకున్నంత మాత్రాన ఇచ్చిపుచ్చుకోవడం ఆగిపోదు.

అయితే మధ్వ మతంలో ఒక ముల్లుంది. ఆ సంగతి దాటేస్తే నేను సగం మాటే చెప్పినట్టు. జీవుడికీ జీవుడికీ తేడా ఉందని చెప్పి మధ్వాచార్యులు ఆగలేదు. ఆ తేడాల్లో తారతమ్యం ఉంది, మెట్లున్నాయి అన్నారు. తేడా నుంచి హెచ్చుతగ్గుల్లోకి జారిపోవడం ఎంత సులువో ఇక్కడ కనబడుతుంది. అది శాస్త్రంలో జీవుల గురించిన మాట. ఊర్లోకి వచ్చేసరికి మనుషుల గురించి అదే జరిగింది. కులమంటే ఉత్త తేడా కాదు, మెట్ల మీద కూర్చోబెట్టిన అసమానత అని అంబేడ్కర్ పదేపదే చెప్పింది అందుకే. మన తగువు తేడాతో పడాల్సింది కాదు, మెట్లతో పడాల్సింది. ఈ రెంటినీ కలగలిపేసి, మెట్లు అలాగే ఉంచి, తేడాలు లేవు పొండి అనేవాళ్ళే ఎక్కువ. గమనించారో లేదో, కులమేముందండీ ఇప్పుడు అని అడిగేవాడు ఎప్పుడూ పైమెట్టు మీద నుంచే అడుగుతాడు.

మెట్లు లేకుండా తేడాను నిలుపుకోవడం అన్న మాట వచ్చింది కనుక కవి పుట్టపర్తి నారాయణాచార్యుల్ని తలుచుకోకుండా పోలేను. పుట్టింది శ్రీవైష్ణవ ఇల్లు. శివతాండవం రాసింది ప్రొద్దుటూరులో, అగస్త్యేశ్వరుడి గుడి చుట్టూ ప్రదక్షిణలు చేస్తూ. రాశాక ఆయన శైవుడైపోలేదు. నామం చెరిపి విబూది పెట్టుకోలేదు. పక్కింటి దేవుణ్ణి తన ఇంటివాడిగా మార్చుకోకుండానే అంత దగ్గరగా చూడగలిగారు. కడపలోనే ఉండి 1990లో పోయారు.

రాజకీయాల్లోకి పోదాం. 1800లో నిజాం ఈ నేలను కుంపినీకి రాసిచ్చాడు. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం. వందేళ్ళకు పైగా దత్తమండలాలనే పేరుతో బతికాం. మన్రో వచ్చి ఏడేళ్ళు కలెక్టరీ చేసి రైత్వారీ స్థిరపరిచింది ఈ నేల మీదే. 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు, ఆ పేరు వద్దు, రాయలసీమ అందామని ప్రతిపాదించింది చిలుకూరి నారాయణరావు. ఆయన సీమవాడు కాదు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి అనంతపురం కళాశాలలో పాఠాలు చెప్పుకునే పండితుడు. మన అస్తిత్వానికి పేరు పెట్టింది వేరే ఊరి మనిషి. నాకు ఈ సంగతి ఎప్పుడు తలుచుకున్నా నవ్వొస్తుంది, గర్వంగానూ ఉంటుంది. మా రక్తం, మా మట్టి అని గొంతు చించుకునే కుర్రవాళ్ళకు ఒకసారి చెప్పి చూడండి.

అప్పటికే ఆంధ్రోద్యమం సాగుతోంది. మద్రాసు నుంచి విడిపోవాలి, తెలుగువాళ్ళమంతా ఒకటవ్వాలి. సీమ పెద్దలు వెంటనే తలూపలేదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడలో మొదలై తర్వాత వాల్తేరుకు పోయింది. అనంతపురానికి రావాలన్న మాట నెగ్గలేదు. ఆ అనుభవంతో, తెలుగువాళ్ళమే, కాదనం, కానీ మీరు వేరు, మేము వేరు, మీ కృష్ణా గోదావరి డెల్టాలు వేరు, మా మెట్ట వేరు, అన్నారు. అప్పుడు కోస్తా నాయకులూ సీమ నాయకులూ కలిసి కూర్చున్నారు. మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట్లో. ఆ ఇంటి పేరు శ్రీబాగ్. 1937 నవంబరు 16.

అన్నదమ్ములం అనుకున్నచోట కాగితం రాసుకోరు. రాసుకుందామంటే చిన్నబుచ్చుకుంటారు. వియ్యం దగ్గర అలా కాదు. ఇచ్చేవేమిటి, పుచ్చుకునేవేమిటి, పెద్దల ముందు తేల్చుకుంటారు. అల్లుడికి ఎంత మర్యాద చేసినా పెట్టె తాళం చేతికివ్వరు. శ్రీబాగ్ ఒడంబడిక అలా తేల్చుకున్న కాగితం. నీళ్ళ విషయంలో తుంగభద్ర, కృష్ణ, పెన్న నదుల మీద సీమకూ నెల్లూరుకూ ముందు పీట. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం. శాసనసభ స్థానాల్లో జిల్లాలవారీ సమానత్వం. రాజధాని, హైకోర్టు రెండూ ఒకచోట ఉండకూడదు. ఒకటి కోస్తాకు, ఒకటి సీమకు, ఏది కావాలో కోరుకునే హక్కు సీమది. తేడాను ఒప్పుకుని, దాన్ని కలయికకు షరతుగా రాసుకున్న పత్రం మన తెలుగు రాజకీయాల్లో అంతకు ముందు ఏముందో నాకైతే గుర్తు రావడం లేదు.

తర్వాత కథ మీకు తెలుసు. పొట్టి శ్రీరాములు ప్రాణం పోయాక, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. కర్నూలు రాజధాని. ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి. సర్కారు ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. హైకోర్టు 1954లో గుంటూరులో పెట్టారు. అక్కడికి రాసుకున్నదాంట్లో కొంత జరిగినట్టే. మూడేళ్ళ నెల గడిచాక, 1956 నవంబరు 1న విశాలాంధ్ర అన్నారు, తెలుగువాళ్ళమంతా ఒక తల్లి బిడ్డలం అన్నారు. రాజధాని హైదరాబాదు, హైకోర్టూ హైదరాబాదే. ఒక తల్లి బిడ్డలకు పాత కాగితాలెందుకు? సీమకు నీళ్ళు రావాల్సిన కృష్ణా పెన్నారు పథకం అంతకు ముందే పక్కకు పోయింది. నందికొండ దగ్గర నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేశారు. తర్వాత శ్రీశైలం కట్టినప్పుడు నందికొట్కూరు, ఆత్మకూరు వైపు ఊర్లు ఊర్లే మునిగాయి. మునిగిన నేల మాది, నిలిచిన నీళ్ళు ఎవరివి అని అడగడం అప్పుడు మొదలైంది, ఇంకా ఆగలేదు. 2016లో సిద్ధేశ్వరం దగ్గర రైతులు పోయి తామే అలుగుకు శంకుస్థాపన చేసుకున్నారు.

తెలంగాణతోనూ 1956 ఫిబ్రవరిలో పెద్దమనుషుల ఒప్పందం అని ఒకటి రాసుకున్నారు. దానికేమైందో 1969 చెప్పింది, 2014 చెప్పింది. విడిపోయినవాళ్ళను తప్పుపట్టడం తేలిక. రాసుకున్న తేడాను మరిచిపోయి, మరిచిపోవడాన్నే ప్రేమ అని పిలిచినవాళ్ళను ఎవరూ అడగరు. 2014 తర్వాత రాజధాని ఎక్కడ, హైకోర్టు ఎక్కడ అన్న వాదులాట మళ్ళీ వచ్చినప్పుడు శ్రీబాగ్ పేరు మళ్ళీ అందరి నోటా వినబడింది. ఏ పక్షం మాట సబబన్నది ఈ ప్రసంగానికి సంబంధించింది కాదు. ఎనభై ఏళ్ళు దాటిన కాగితం ఇంకా చెల్లుబాటవుతోందంటే దాంట్లో రాసింది తీరలేదనే అర్థం.

ఇంతవరకూ చెప్పింది విని సీమవాళ్ళు సంతోషించి ఉంటారు. ఇప్పుడు కొంచెం మన వైపు తిరుగుదాం. కోస్తా ముందు నిలబడి మేము వేరు అన్న సీమ, తన లోపల మాత్రం మేమంతా ఒకటే అంటుంది. ఒకటేనా? కుంపినీ పాలన కడపకు 1800లో వచ్చింది. కర్నూలులో నవాబు 1839 దాకా ఉన్నాడు. బనగానపల్లెలో ఇంకో నవాబు 1948 దాకా ఉన్నాడు. నీటి సంగతి చూస్తే కేసీ కాలువ కింది నంద్యాల వరిమళ్ళు ఒక లోకం, పత్తికొండ, ఆలూరు ఇంకో లోకం. ఆదోని, కోసిగి, కౌతాళం వైపు ఊర్లలో కోతలయ్యాక ఇళ్ళకు తాళాలు పడతాయి. సుగ్గికి పోయారంటారు. పిల్లల్ని బడి మాన్పించి, ముసలివాళ్ళను అరుగు మీద వదిలి, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికో, పత్తి ఏరడానికో పోతారు. నంద్యాల రైతుకూ కోసిగి కూలీకీ సీమ అనే పేరు తప్ప కలిసేది ఎంత? రాయలసీమకు అన్యాయం జరిగిందన్న మాట ఇద్దరి నోటా వస్తుంది. ఆ అన్యాయంలో ఎవరి వాటా ఎంతో మాత్రం ఎవరూ విప్పరు.

గుంటూరు మిరప చేలో ఆ కూలీ పేరు పోతుంది. కర్నూలోళ్ళు వచ్చినారా అని అడుగుతారు. ఊర్లో బోయ, మాదిగ, కురువ అని విడివిడిగా బతికినవాళ్ళు అక్కడ ఒక్కటే గుంపు. రాయచోటి నుంచి, రాజంపేట నుంచి కువైట్ పోయినవాళ్ళ సంగతి ఇంకా వింత. ఇక్కడ ఎవరు సాయిబు, ఎవరు రెడ్డి, ఎవరు బలిజ అని వీధివీధికీ తెలుసు. అక్కడి అరబ్బు సేటు కళ్ళకు అందరూ హిందీలే, అంటే భారతీయులే. రాయచోటి ముస్లిం డ్రైవరు కూడా హిందీయే. మనిషి ఎవరన్నది అతని లోపల మాత్రమే రాసిపెట్టి ఉండదు. ఎదురుగా ఎవరు నిలబడ్డారన్న దాని మీద సగం ఆధారపడి ఉంటుంది. సినిమా మనకు చేసింది కూడా అదే. 1999 తర్వాత ఇరవై ఏళ్ళు ఫ్యాక్షన్ సినిమాల్లో సీమ మనిషంటే తెల్లచొక్కా, సుమో, కొడవలి. తొడగొట్టడం మా ఊర్లో ఎవరూ చూసింది లేదు. చివరికి మా కుర్రవాళ్ళు సినిమా చూసి నేర్చుకున్నారు.

పెట్టెల్లో ఇమడనివాళ్ళ గురించి కూడా చెప్పాలి. దూదేకులవాళ్ళు ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లింలు. పత్తి పండే ఈ నేలలో దూది ఏకి పరుపులు కుట్టి బతికారు. హుసేనయ్య, పీరమ్మ, నాగూరయ్య లాంటి పేర్లు. ఉర్దూ ముస్లింలు వీళ్ళతో సంబంధం కలుపుకోవడానికి వెనకాడతారు, హిందువులు సాయిబులే అంటారు. బ్రహ్మంగారి శిష్యుల్లో అందరికన్నా పేరుపడ్డ సిద్దయ్య దూదేకుల ఇంటివాడు. కందిమల్లాయపల్లెలో గురువు దగ్గర చేరినప్పుడు రెండు వైపులా గొడవైందని కథ. ఇవాళ సర్కారు లెక్కలో దూదేకులవాళ్ళు బీసీ-బి. 2007 చట్టంతో రిజర్వేషన్ వచ్చిన మిగతా ముస్లిం కులాలు బీసీ-ఇ. సర్టిఫికెట్టు కోసం పోయినప్పుడు ఏ గడిలో టిక్కు పెట్టాలో ఆఫీసు చెబుతుంది. పిలిచే పేరు మాత్రం ఏమీ చెప్పదు. కడప, కర్నూలు జిల్లాల్లో దస్తగిరి అన్న పేరు విని మతం చెప్పగలిగినవాడు లేడు. పీర్లకు మొక్కుకుని పుట్టిన హిందూ పిల్లలు ఎందరో దస్తగిరులు, మస్తానమ్మలు, హుసేనప్పలు. వీళ్ళు రెండు ఇళ్ళకూ చెందుతారు అందామా, ఏ ఇంటికీ చెందరు అందామా? వాళ్ళను అడిగితే పనిచూడప్పా అంటారు.

మళ్ళీ అల్లుడి దగ్గరకు. ఇంతసేపు నేను ఆ చుట్టరికాన్ని పొగిడాను. దాని చీకటి వైపు కూడా నాకు తెలుసు. శ్రీశైలంలో, అహోబిలంలో అల్లుడి గుడికి గోపురాలు లేచాయి. అత్తవారిల్లు? చెంచులు ఇవాళ సర్కారు జాబితాలో అన్నిటికన్నా బలహీనమైన గిరిజన సమూహాల్లో ఒకరు. నల్లమల పులుల అభయారణ్యమయ్యాక తమ అడవిలోనే వాళ్ళ రాకపోకలకు ఆంక్షలు వచ్చాయి. పారువేటలో వాళ్ళ బాణానికి చోటుంది, ఏడాదిలో మిగిలిన రోజుల్లో అదే విల్లుతో వేట నేరం. బీబీ నాంచారి కథలోనూ, చెంచులక్ష్మి కథలోనూ ఇల్లు వదిలి వచ్చింది పిల్లే. పెళ్ళయ్యాక దేవుడు తన గుడిలోనే ఉన్నాడు.

ఇంకా ముదిరిన చీకటి పడమటి కర్నూలులో ఉంది. ఆదోని, ఆలూరు వైపు దళిత కుటుంబాల్లో, వెనకబడిన కులాల్లో పిల్లల్ని బసివినిగా దేవుడికి వదిలే ఆచారం తరాలపాటు సాగింది. అక్కడా దేవుడికిచ్చి పెళ్ళి చేయడమే. అక్కడా దేవుడు అల్లుడే. కానీ ఆ పెళ్ళి తర్వాత ఆ పిల్ల ఊరి మగవాళ్ళ పాలు. పుట్టిన బిడ్డలకు తండ్రి పేరు రాయడానికి బడిలో గడి ఖాళీ. 1988లో చట్టం చేసి నిషేధించారు. చట్టం వచ్చిన చాలా ఏళ్ళకు కూడా సంఘాలవాళ్ళు, అధికారులు పల్లెల్లో కాపలా కాయాల్సివచ్చింది. పై కులం దేవుడికి కింది కులం పిల్లను కట్టబెట్టడాన్ని వియ్యం అనలేం. వియ్యంలో ఇద్దరు వియ్యంకులూ ఒకే ఎత్తు పీట మీద కూర్చోవాలి. ఆ పీటలు సమంగా లేనిచోట తేడా మీద కట్టిన ఏ చుట్టరికమైనా దోపిడీకి ముసుగే.

చెంచులక్ష్మి కథను హరికథగా విని కళ్ళు తుడుచుకున్న పెద్దమనిషి, ఇంట్లో ఆడపిల్ల వేరే కులంవాణ్ణి ఇష్టపడిందని తెలిస్తే ఏం చేస్తాడో మనకు తెలుసు. దేవుడికి కుదిరిన వియ్యం మనిషికి కుదరదు. 1954 నుంచి మనకు ప్రత్యేక వివాహ చట్టం ఉంది. కులం మార్చుకోకుండా, మతం మార్చుకోకుండా, ఎవరు ఎవరుగా ఉన్నారో అలాగే ఉండి పెళ్ళి చేసుకోవచ్చు. దేవుని కడపలో ఉగాదికి వచ్చేవాళ్ళు పాటించేది కూడా అదే పద్ధతి. కాకపోతే చట్టంలో ఒక సెక్షన్ ఉంది. ఇద్దరి పేర్లు, చిరునామాలు రాసిన నోటీసును రిజిస్ట్రారు ఆఫీసులో అందరికీ కనబడేచోట అంటించి, అభ్యంతరాల కోసం ముప్పై రోజులు ఆగాలి. ఆ నెల రోజుల్లో ఆ గోడ దగ్గరకు వచ్చి ఆ చిరునామాలు రాసుకుని పోయేవాళ్ళు ఎవరో, ఏ ఇంటి నుంచి వస్తారో, జిల్లాలో ఆ ఆఫీసు గుమ్మం ఎక్కిన ఏ జంటను అడిగినా చెబుతుంది.